ఇంటివైపు పరుగు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మా పెదరావాడకు వచ్చిన రోజు నుంచీ జనం దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. మొదట తమంతట తామే మాట్లాడుకున్నారు. తరవాత, మాట్లాడుకోవాలని ఉత్తరువు వచ్చింది.

నా పేరు గురువులు. మున్సిపాలిటీ మైదానంలో సున్నంతో గీతలు గీస్తాను. కబడ్డీకి నేనే, ఖోఖోకి నేనే, జెండా పండగ కవాతుకీ నేనే. ఎక్కడ గీయమంటే అక్కడ గీస్తాను. ఎందుకని అడగను. మూడో తరగతితో బడి మానినవాడు ఇన్నేళ్లు కొలువులో నిలబడ్డాడంటే కారణం అదే.

ఆ ఆటను తెచ్చింది రాష్ట్ర అమెరికన్ ఫుట్‌బాల్ ప్రోత్సాహక మండలి. మండలి అధ్యక్షుల వారు పై దేశం వెళ్లినప్పుడు ఆ ఆట చూశారు. అంతమంది మనుషులు అంత పెద్ద మైదానంలో కాసేపు పరిగెత్తి, చాలాసేపు నిలబడి, అంత డబ్బు సంపాదించడం మన రాష్ట్రంలోనూ సాధ్యమేనని వారికి తోచింది. వెంటనే రెండు జట్లు పుట్టాయి. మా వైపుది తూరుపు కెరటాలు. అటు వైపుది దక్కన్ గుర్రాలు. ఆటగాళ్లందరికీ జీతాలు, తలకు డిప్పలు, భుజాలకు దిళ్లు ఇచ్చారు.

ఆట నాకు తెలిసినంతవరకు చెబుతాను. మైదానానికి రెండు చివర్లా చెరో గడి ఉంటుంది. బంతి పట్టుకుని ఎదుటివాళ్ల గడిలోకి వెళితే ఆరు పాయింట్లు. పొరపాటున బంతితో మన గడిలోనే కూలబడితే ఎదుటివాళ్లకు రెండు. మిగతాదంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడటం.

మొదటి ఆటకు ఊరంతా వచ్చింది. టికెట్టు లేదు, పైగా మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చారు. సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మర్యాదకు కూర్చున్నారు. రెండు జట్లూ చెరి పన్నెండు పాయింట్ల మీద ఉన్నాయని మైకులో చెబితే, ఎందుకని ఎవరూ అడగలేదు. వేదిక మీద అధ్యక్షుల వారు కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నారు.

అప్పుడు సూరిదేముడిని లోపలికి పంపారు.

సూరిదేముడు మా ఊరి కుర్రాడే. మైదానం గేటు పక్కన టీకొట్టు నడిపే కొండమ్మ కొడుకు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు, సాయంత్రం కబడ్డీ ఆడేవాడు. జట్టులో ఒక్క స్థానికుడైనా ఉండాలన్న నిబంధన ఉండబట్టి మండలి వాడిని ఏడాది ఒప్పందం మీద తీసుకుంది. ఆట నేర్పడానికి టైము లేకపోయింది. డిప్ప మాత్రం సరిపోయింది.

వాడు లోపలికి వెళ్లిన కాసేపటికి దక్కన్ వాళ్ల చేతిలోంచి బంతి జారి పడింది. సూరిదేముడు దాని మీద వాలాడు. నలుగురిని తప్పించుకున్నాడు. అయిదోవాడిని తాకి, వాడి చంక కిందనుంచి దూరాడు. ఎదురుగా దక్కన్ వాళ్ల గడి ఖాళీగా ఉంది. వాడు అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, సొంత గడివైపు పరుగు లంకించుకున్నాడు.

కబడ్డీ ఆడేవాడు ఎదుటివాళ్లను తాకాక ఏం చేస్తాడు. ఇంటికొస్తాడు.

వాడు కూత మానకుండా పరిగెత్తాడు. డిప్పలోంచి "కబడ్డీ కబడ్డీ" అని గీతల దగ్గర నిలబడ్డ నాకు వినబడింది. ఎదుటి జట్టువాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. సొంత జట్టువాళ్లు పట్టుకోవడానికి వెంటపడ్డారు. అప్పుడైనా వాడికి అనుమానం రావాల్సింది. వాళ్లనూ తప్పించుకున్నాడు. సొంత గడిలో మోకాలు వేసి, బంతి నేలకు తాకించి, లేచి, తాను తాకిన దక్కన్ వాళ్లను మైదానం బయటికి పొమ్మని చెయ్యి చూపించాడు. అందులో ఇద్దరు కూడా పాత కబడ్డీ ఆటగాళ్లేనట. అలవాటు కొద్దీ బయటికి నడిచారు.

అంతసేపూ అర్థం కాని జనానికి ఆ ఒక్కటీ అర్థమైంది. అరిచిన అరుపుకు స్టాండు మీద పావురాలన్నీ లేచిపోయాయి. అధ్యక్షుల వారు కూడా కళ్లు తెరిచి, లేచి, చప్పట్లు కొట్టారు.

తరవాత మైకులో చెప్పారు. దక్కన్ గుర్రాలు రెండు పాయింట్ల తేడాతో గెలిచాయని. ఎవరూ వినలేదు.

మర్నాటి నుంచి కొండమ్మ కొట్టు దగ్గర వేరే మాట లేదు. ఆటో సింహాద్రి, మంగలి ఈశ్వర్రావు పొద్దున్నే వచ్చి బెంచీ చెరో చివరా కూర్చునేవారు.

"బంతి కిందడీసరికి గద్దలాగ వాలిపోనాడొరే. నాను కళ్లారా సూసినాను," అనేవాడు సింహాద్రి.

"నువ్వెక్కడ సూసినావు. గేటు బయట ఆటోకి కాపలా కాసినావు. సూసినోణ్ణి నాను."

"ఆటో మీదెక్కి సూసినాను. నీకన్నా ఎత్తున ఉన్నాను."

"ఎత్తునుంటే మరి సెప్పు. మూడోవోణ్ణి ఎడంపక్క నుంచి తప్పించినాడా, కుడిపక్క నుంచా?"

సింహాద్రి టీ ఊదుకుంటూ ఆలోచించేవాడు. "ఎడంపక్కే. కాని ఆడి ఎడంపక్క కాదు, మన ఎడంపక్క."

"ఎవులి పక్కైతే ఏటిరా, టీ సల్లారిపోతంది తాగండి," అనేది కొండమ్మ. కొడుకు మాట వస్తే మాత్రం ఆవిడ గిన్నెల చప్పుడు ఆపి వినేది. ఆ రోజు పేపరులో పడ్డ ఫోటో కోసి కొట్టు గోడకు అంటించింది. అందులో ముందు సూరిదేముడు పరిగెత్తుతూ ఉంటాడు, వెనక వేదిక ఉంటుంది.

నేను కూడా ఆ బెంచీ మీదే కూర్చుంటాను. ఎడమో కుడో నాకు తెలుసు. ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా మండలి సమావేశమై ఒక ఘోరమైన సంగతి కనిపెట్టింది. రాష్ట్రం మొత్తం మీద ఆ ఆటలో ఏ ఆటగాడు ఏం చేశాడో ఎవరికీ జ్ఞాపకం లేదు. జీతాలేమో నెలనెలా పోతున్నాయి. "జ్ఞాపకము లేని క్రీడ జరగని క్రీడతో సమానము" అని తీర్మానించి మధుర ఘట్ట స్మరణ పథకం పెట్టారు. దాని ప్రకారం ఇకనుంచి ఏ ఆటగాడి ఘట్టాన్ని అభిమానులు తలుచుకుంటారో వాడికే కొలువు పర్మనెంటు. తలుచుకోనివాడికి వచ్చే నెలాఖరుతో సెలవు. అభిమానులు ఎవరి బలవంతమూ లేకుండా, తమ ఇష్ట ప్రకారం, ప్రతి మంగళవారం సాయంత్రం తలుచుకోవాలి.

ఉత్తరువు చదివి వినిపించగానే కొండమ్మ అందరికీ ఊరికే టీ పోసింది. "మరేటి, ఊరంతా మా గుంటడి మాటే సెప్తంది గదా. ఇంక ఆడికి దిమ్మలు మోసే కర్మ లేదు. ఈడి అయ్య నడుం ఆ మార్కెట్లోనే పోనాది గురువులు మావా. మంచం మీంచి లెగాలంటే ఇద్దరం పట్టాల. ఈడిదైనా మిగిలితే సాలు."

మంగళవారం నాడు స్మరణాధికారి శేషఫణి గారు వచ్చారు. మనిషి సన్నగా, గొడుగుతో ఉంటారు. కొట్టు ముందు స్మరణ కేంద్రం అని బోర్డు పెట్టించి బెంచీ మధ్యలో కూర్చున్నారు.

"అభిమానులారా, సదరు క్రీడయందలి మధుర ఘట్టములను స్వేచ్ఛగా స్మరించవలసినదిగా ఆదేశించడమైనది. ఎవరు ముందు?"

సింహాద్రి చెప్పాడు. ఈశ్వర్రావు చెప్పాడు. కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లు చెప్పారు. అందరూ సూరిదేముడి పరుగే చెప్పారు. శేషఫణి గారి మొహం వాడిపోతూ వచ్చింది.

"ఇది ఘట్టం కాదు. దోషం. స్వపక్షానికి నష్టం కలిగించిన దోషం. దోషాన్ని తలచుకొనుట స్మరణ కిందికి రాదు, దుష్‌స్మరణ కిందికి వస్తుంది."

"అంటే మా ఓడి లెక్కలోకి రాడా బాబూ?" అంది కొండమ్మ.

"ఇతనికి ఆమోదిత ఘట్టం ఏదీ లేనందున, వచ్చే నెలాఖరుతో ఇతని సేవలు సమాప్తం."

కొండమ్మ టీ జల్లెడ గిన్నెలో పెట్టి ఎంగిలి గ్లాసులు పోగుచేసింది. పక్కనే ఉన్న సూరిదేముడు ఆవిడ చేతిలోంచి గ్లాసులు తీసుకుని తనే కడగడం మొదలుపెట్టాడు.

శేషఫణి గారు చెడ్డ మనిషి కాదు. జనానికి సాయం చేద్దామని ఆమోదిత ఘట్టాలు నేర్పడానికి పూనుకున్నారు. అందులో ముఖ్యమైనది కెరటాల జట్టులో బంతి విసిరే విక్రాంత్ అనే పెద్ద ఆటగాడు విసిరిన ఒక విసురు. వరసగా నాలుగు మంగళవారాలు దాన్ని తలుచుకోవడం నేర్పారు.

"చెప్పు ఈశ్వర్రావూ. కన్నులు సగం మూసుకో. నిట్టూర్పు విడిచి మొదలుపెట్టు."

ఈశ్వర్రావు నిట్టూర్చాడు. "ఆహా, ఆ రోజు విక్రాంత్ బాబు బంతి ఇసిరినాడండి. అలగ ఆకాశంలోకి పోనాదండి."

"బాగుంది. భావోద్వేగం కొంచెం పెంచు."

"పోయి పోయి పోయి..." ఈశ్వర్రావు కళ్లు పూర్తిగా మూసుకున్నాడు. "...కిందడిపోనాదండి. పడీసరికి మన దేముడు ఉన్నాడు సూడండి, గద్దలాగ వాలిపోయి, ఒకణ్ణి తప్పించి, రెండోవోణ్ణి తప్పించి..."

"ఆపు."

"ఆపలేకపోతన్నానండి. బంతి లెగిస్తే ఆడి సేతిలోకే ఎల్లిపోతంది."

సింహాద్రిని పరీక్షించారు. వాడు విసురు బాగానే చెప్పి, చివర్లో, "ఇసురు మంచిదేనండి, మరి దాన్ని ఇంటికి తేవాల కదండి," అన్నాడు. ఆ ఇంటిలోంచి మళ్లీ సూరిదేముడు బయటికొచ్చాడు.

శేషఫణి గారు పై వాళ్లకు రాశారు. పై వాళ్లు లోతుగా ఆలోచించి జవాబిచ్చారు. ఆటను కళ్లారా చూసినవారికి చూసినదాని మీద పక్షపాతం ఏర్పడుట సహజమనీ, కావున ప్రత్యక్షంగా చూసినవారిని అభిమానుల కోవలోంచి తొలగించడమైనదనీ, ఇకమీదట చూడనివారు మాత్రమే స్మరించవలెననీ అందులో ఉంది.

ఆ మంగళవారం పొరుగూళ్ల నుంచి బస్సులో అభిమానులు దిగారు. ఆటను ఒక్కరూ చూడలేదని వాళ్ల పంచాయతీలు రాసిచ్చాయి. మనిషికో పులిహోర పొట్లం ఇచ్చారు. విక్రాంత్ విసురును వాళ్లు కమ్మగా తలుచుకున్నారు. ఎక్కడ నిట్టూర్చాలో అక్కడ నిట్టూర్చారు. ఒక ముసలామె కన్నీళ్లు కూడా పెట్టుకుంది. శేషఫణి గారికి ఆ పూట ఆకలేసింది.

సింహాద్రినీ ఈశ్వర్రావునీ తాడు అవతల నిలబెట్టారు. ఆ తాడు నేనే కట్టాను. చూసినవాళ్లు అవతల, చూడనివాళ్లు ఇవతల.

అయితే పులిహోర తిన్నాక దాహం వేస్తుంది. కొండమ్మ కొట్టు తాడుకు అవతల ఉంది. పొరుగూరివాళ్లు టీకి వెళ్లారు. వెళ్లినవాళ్లు గోడ మీద ఫోటో చూశారు. "ఈ గుంటడెవులు, ఇలగ పరిగెడతన్నాడు?" అని ఎవరో అడిగారు. అంతే. సింహాద్రి గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

సాయంత్రం రెండో విడత స్మరణ మొదలైంది. ఇందాక కన్నీళ్లు పెట్టుకున్న ముసలామె ముందు లేచింది.

"నాను సూళ్లేదు బాబూ, ఒట్టు. కాని ఆ కుర్రోడు మూడోవోణ్ణి ఎడంపక్క నుంచి తప్పించినాడు సూడండి..."

"మన ఎడంపక్క," అన్నారు వెనకనుంచి ఎవరో.

శేషఫణి గారు గొడుగు మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

విక్రాంత్ విసురుకు పదిమంది కూడా మిగలలేదని తెలిసి అధ్యక్షుల వారే స్వయంగా వచ్చారు. మూడు కార్లు వచ్చాయి. కొండమ్మ బెంచీ తుడిచి కూర్చోబెట్టి మసాలా వడలు పెట్టింది. వారు రెండు తిన్నారు. మూడోది చేతిలో పట్టుకుని గోడవైపు చూశారు.

"ఈ ఛాయాచిత్రమునందు వెనుక నిలబడియున్నది మేమేనా?"

"తమరేనండి," అన్నారు శేషఫణి గారు.

"మేము ఏ సందర్భమున చప్పట్లు కొట్టుచుంటిమి?"

కొండమ్మ బాణలి దించి ముందుకొచ్చింది.

"మా గుంటడు పరిగెడతన్నప్పుడు బాబూ. తమరు లెగిసి నిలబడిపోనారు. కండువా కిందడిపోనాది, తమకి తెల్లేదు."

అధ్యక్షుల వారి మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "అవును సుమీ. డిప్పలోంచి ఏదో కూత కూస్తూ వచ్చాడు. నలుగురిని తప్పించాడు. ఆ రోజు మొత్తం మీద మాకు జ్ఞాపకమున్నది అదొక్కటే."

"అయ్యా, అది దోషమండి. వెనక్కి పరిగెత్తాడండి," అన్నారు శేషఫణి గారు మెల్లిగా.

"దోషమునకు మేము చప్పట్లు కొట్టెదమా?"

బాణలిలో నూనె చిటపటలాడింది. శేషఫణి గారు అప్పుడు ఆలోచించిన ఆలోచన చూసి, పెద్ద చదువులు ఎందుకు చదువుతారో నాకు బోధపడింది.

"చిత్తం. తమరు చప్పట్లు కొట్టారు గనుక పరుగు తప్పు కాదు. పరుగు తప్పు కానప్పుడు తప్పయినది దిక్కు. దిక్కును సరిచేయవలసి ఉన్నది."

"సరిచేయుడు," అన్నారు అధ్యక్షుల వారు, వడ నోట్లో పెట్టుకుంటూ.

వారం తిరిగేసరికి నాకు ఉత్తరువు అందింది. మొదటి ఆట జరిగిన నాటి నుంచి వర్తించేలా ఉత్తరపు గడిని దక్షిణానికీ, దక్షిణపు గడిని ఉత్తరానికీ మార్చాలి. రెండు గడులూ ఒకే కొలత. ఒకే గీతలు. నేను ఉత్తరపు గడి చెరిపి మళ్లీ అదే గీశాను. దక్షిణం వైపు వెళ్లి అది కూడా చెరిపి మళ్లీ అదే గీశాను. ఎండ బాగా కాసింది. శేషఫణి గారు గొడుగు కింద నిలబడి అటూ ఇటూ చూశారు.

"చూశావా గురువులూ, ఇప్పుడు ఎంత సరిగ్గా కుదిరిందో. మొదటే ఇలా గీసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు."

నేను సున్నం డబ్బా తీసుకుని ఇంటికెళ్లాను.

దిక్కు మారేసరికి లెక్కలన్నీ మారాయి. ఆ రోజు ఆరేసి పాయింట్లు తెచ్చిన పరుగులన్నీ సొంత గడిలోకి పరుగులైపోయాయి. సూరిదేముడిది ఒక్కటే అసలైన పరుగు. దక్కన్ గుర్రాలు ఓడిపోయాయి. వాళ్ల కప్పును పోలీసు జీపులో వెనక్కి తెచ్చారు. రెండు జట్లలో సూరిదేముడు తప్ప అందరికీ, సరైన దిక్కున ఎందుకు ఆడలేదో చెప్పమని తాఖీదులు వెళ్లాయి. ఎండ కళ్లలో పడిందని విక్రాంత్ రాశాడు. ఒప్పుకున్నారు.

రాష్ట్రంలో సరైన దిక్కు తెలిసిన ఆటగాడు ఒక్కడే గనుక సూరిదేముడిని దిశా నిర్దేశకుడిగా వేశారు. పర్మనెంటు మాత్రం చేయలేదు. ఆడిట్‌వాళ్లు అడ్డం పెట్టారు. పరుగు ఒప్పే గాని, పరిగెత్తేనాటికి దిక్కు ఇంకా మారలేదనీ, కాబట్టి తప్పు చేయాలనే ఉద్దేశంతో ఒప్పు చేసి ఉండవచ్చుననీ వాళ్ల సందేహం. వచ్చే ఆటలో ఇంకొక ఘట్టం సృష్టిస్తే పర్మనెంటు, లేకపోతే సెలవు.

సూరిదేముడు ఒక సాయంత్రం నా దగ్గరకొచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"తాతా, నాను తప్పు పరిగెట్టినానని నాకు తెలుసు. ఆ రోజే మా కోచ్ సెప్పినాడు. సిగ్గేసి ఆట మొత్తం నేర్చేసుకున్నాను. ఇప్పుడు తిన్నగా ఆడగల్ను. ఆడితే తప్పంటారు. నాకు ఆట వచ్చినట్టా, రానట్టా?"

"తెల్దు," అన్నాను.

"అమ్మ నిద్దరోడం లేదు తాతా."

నేను డబ్బాలో సున్నం కలిపాను, వాడు నీళ్లు పోశాడు.

రెండో ఆటకు పొరుగు రాష్ట్రపు జట్టును పిలిచారు. మండలి అన్నీ చేసింది. పెద్ద గొడుగులు వేయించింది, బాజా పెట్టించింది. దిక్కు మార్చిన ఉత్తరువు నకలు వాళ్లకు పంపడం మాత్రం మరిచిపోయింది.

ఆట మొదలైంది. పొరుగువాళ్లు ఎప్పటి పద్ధతిలో మా పాత గడి ఉన్న దక్షిణం వైపు పరిగెత్తారు. మావాళ్లు ఉత్తరువు ప్రకారం దక్షిణం వైపు పరిగెత్తారు. ఎవరికీ ఎవరూ అడ్డం రాలేదు. బంతి ఎవరి దగ్గరున్నా అందరూ ఒకే వైపు వెళుతున్నారు. పొరుగువాడు పడబోతే మావాడు పట్టుకుని లేపి పంపాడు. బంతి అటు చేరగానే రెండు జట్లూ కౌగిలించుకుని, ఆరు పాయింట్లు మాకంటే మాకని రెండు బోర్డుల మీదా వేసేవారు. కాసేపటికి పాయింట్లు వేసేవాడు చెయ్యి నొప్పెట్టి కూర్చున్నాడు.

"ఆటంటే ఇలగుండాల. మొన్న ఊరికే కొట్టుకున్నారు," అన్నాడు ఈశ్వర్రావు.

ఎవరు ఆడినా ఆరే గనుక ఘట్టమంటూ ఏదీ లేకుండా పోయింది. పొద్దు వాలుతోంది. శేషఫణి గారు గోళ్లు కొరుక్కుంటూ సూరిదేముడిని లోపలికి పంపమని సైగ చేశారు. వాడు వెళ్లాడు. విక్రాంత్ బంతి తెచ్చి వాడి చేతిలో పెట్టి, వీపు తట్టి, "కానీ తమ్ముడూ," అన్నాడు.

సూరిదేముడు మైదానం నడుమ నిలబడిపోయాడు. దక్షిణం వెళితే ఉత్తరువు ప్రకారం ఒప్పు, అందరూ చేసిందే గనుక ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఉత్తరం వెళితే నేర్చుకున్న ఆట ప్రకారం ఒప్పు, ఉత్తరువు ప్రకారం కొలువు పోయే తప్పు. రెండు జట్లూ నడుం మీద చేతులు పెట్టుకుని వాడినే చూస్తున్నాయి. బాజా ఆగింది.

వాడు డిప్ప తీసి చంకలో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"తాతా, ఇల్లెటు?"

వాడు నిక్కరేసుకునే రోజుల నుంచీ కబడ్డీ గీతలు వాడికి నేనే గీశాను. కూతకు వెళ్లే ముందు ఇల్లెటో చూసుకోమని ఎప్పుడూ చెప్పేవాణ్ణి. నా చేతిలో సున్నం డబ్బా ఉంది. దాన్ని ఎత్తి గేటు వైపు చూపించాను. అక్కడ కొండమ్మ జల్లెడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

సూరిదేముడు పరుగెత్తాడు. ఉత్తరానికి కాదు, దక్షిణానికి కాదు. అడ్డంగా. పక్క గీత దాటాడు. ఆడేవాళ్లకు అలవాటుగా ఒళ్లు కదిలి రెండు జట్లూ వెంటపడ్డాయి. ఇద్దరిని మజ్జిగ బల్ల దగ్గర తప్పించాడు. ఒకణ్ణి బాజావాళ్ల డోలు పక్కనుంచి తప్పించాడు. సింహాద్రి ఆటో అడ్డంగా ఉంటే దాని లోపల ఈ వైపు ఎక్కి ఆ వైపు దిగాడు. కూత మాత్రం ఆపలేదు. వెనక జట్లు, జట్ల వెనక జనం, జనం వెనక శేషఫణి గారు గొడుగు పారేసి. వాడు కొట్టులోకి దూరి బంతిని టీ పొయ్యి పక్కన నేలకు తాకించాడు.

"కాళ్లు కడుక్కోకుండా లోపలికి రావొద్దని ఎన్నిసార్లు సెప్పాలిరా," అంది కొండమ్మ. అంటూనే కొడుకు తల పట్టుకుని చెమట కొంగుతో తుడిచింది.

జనం అరిచిన అరుపుకు ఈసారి స్టాండు మీద పావురాలే కాదు, మార్కెట్ మీదివి కూడా లేచాయి. అందరూ టీ తాగారు. పొరుగు జట్టువాళ్లకు డిప్పలు తీస్తే గాని గ్లాసు నోటికి అందదని అప్పుడు తెలిసింది.

శేషఫణి గారు బెంచీ మీద కూలబడి రొప్పుతున్నారు. కొండమ్మ ఇచ్చిన గ్లాసు పట్టుకుని పక్కనున్న ఈశ్వర్రావుతో అన్నారు. "నేను దగ్గర్నుంచి చూశానయ్యా. ఆటోలోంచి దూరాడు చూడు, అబ్బ. ఎడమకాలు ముందు పెట్టాడు."

"కుడికాలండి."

"నువ్వు డోలు వెనకున్నావు. నీకేం కనిపిస్తుంది. ఎడమకాలే."

ఆ వేళ మంగళవారం కాదు. ఎవరూ ఆదేశించలేదు. మండలి పుట్టాక నమోదైన మొదటి స్వచ్ఛంద స్మరణ అదేనని, చేసినవారు సాక్షాత్తూ స్మరణాధికారేనని తేలింది. ఆడిట్‌వాళ్లు కూడా ఏమీ అనలేకపోయారు. సూరిదేముడి కొలువు పర్మనెంటు అయింది.

మిగిలిన చిక్కు ఒకటే. ఘట్టం మైదానం బయట జరిగింది. అది మైదానం లోపల జరిగేలా ఆట రోజు నుంచి వర్తించేటట్టు కొండమ్మ టీకొట్టు చుట్టూ గీత గీయమని నాకు ఉత్తరువు వచ్చింది. సున్నం కలుపుకుని వెళ్లాను. మూడు వైపులా గీశాను. గుమ్మం దగ్గరకొచ్చేసరికి కొండమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"ఇక్కడొద్దు మావా. తొక్కీసి కొట్టంతా సున్నం సేసేస్తారు."

నిజమే. గుమ్మం మేర వదిలేశాను. సాయంత్రం శేషఫణి గారు వచ్చి గీత చుట్టూ నడిచారు. ఖాళీ దగ్గర ఆగారు.

"ఇక్కడ గీత ఏదీ?"

"గుమ్మం బాబూ," అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. తరవాత టేపు తెప్పించి, ఆ ఖాళీని కొలిపించి, ఆమోదించారు.